పత్యం పేరుతో పస్తు

మా వైపు ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ లాంటి పెద్ద జబ్బని తేలితే మర్నాటి నుంచే కంచంలో సగం వంటలు మాయమవుతాయి. ముందు చేప మానిపిస్తారు. తర్వాత గుడ్డు, ఆ వెనకే వంకాయ, గోంగూర, మినుము, పెరుగు. ఒకటి వేడి చేస్తుంది, ఒకటి చీము పట్టిస్తుంది, ఇంకొకటి వాతం. వారం తిరిగేసరికి మిగిలేది గంజి, చారన్నం, పలచని మజ్జిగ, పలకరించడానికి వచ్చినవాళ్లు తెచ్చిన కొబ్బరి బొండాలు, బత్తాయిలు. కీమో ఎక్కించుకునే మనిషి, వారానికి అయిదు రోజులు రేడియేషన్‌కు బస్సులో తిరిగే మనిషి, దవడ ఎముక కోయించుకున్న మనిషి ఆ తిండి మీదే నిలబడాలి.

ఇదేమీ కరవు సీమ కాదు. భీమవరం, ఆకివీడు చెరువుల చేపలు మంచుపెట్టెల్లో అస్సాం దాకా పోతాయి. తణుకు, అనపర్తి కోళ్ల ఫారాల నుంచి గుడ్లు రోజూ లారీలకెక్కుతాయి. పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత కట్టుకున్న నేల ఇది. పుస్తెలమ్మి వైద్యం చేయిస్తున్న ఇళ్లు ఇక్కడ చాలానే చూశాను. ఆ ఇళ్లలోనే రోగి గంజి తాగుతూ కండ కరిగించుకుంటూ ఉంటాడు. నాకు కోపం వచ్చేది అక్కడ.

ఆ కోపం ఇంటివాళ్ల మీద చూపడం తేలిక. కానీ వాళ్లకు వేరే సంగతి ఎవరు చెప్పారు? మా బాబాయికి నోటి క్యాన్సర్. లంక పొగాకు చుట్ట ఎన్నో ఏళ్లు కాల్చిన మనిషి. దవడకు ఆపరేషన్ చేసి ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రివాళ్లు ఇచ్చిన ఫైలు అరంగుళం మందం ఉంది. ఏ మాత్ర ఎన్ని గంటలకు, భోజనానికి ముందా తర్వాతా, కుట్లు ఎప్పుడు విప్పాలి, మళ్లీ ఎప్పుడు రావాలి, అన్నీ వివరంగా రాశారు. తిండి గురించి మాత్రం ఒకే ముక్క: ‘మెత్తని, బలవర్ధకమైన ఆహారం’. బలవర్ధకమంటే ఎంత? పిన్ని నర్సును అడిగితే, ‘ఏదైనా పెట్టొచ్చమ్మా, మిక్సీ పట్టి పోయండి’ అంది. మాత్రను మిల్లీగ్రాముల్లో రాసిన చేయి అన్నాన్ని ‘ఏదైనా’కు వదిలేసింది. ఆ ఖాళీలోకే పత్యం వచ్చి కూర్చుంటుంది. ఆస్పత్రి చెప్పకపోతే చెప్పడానికి పక్కింటి పెద్దమ్మ ఎప్పుడూ సిద్ధమే.

బాబాయికి ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి పంపారు. రైల్స్ ట్యూబు అంటారు దాన్ని. పిన్ని పొద్దున్నే బియ్యం, పొట్టు పెసరపప్పు, క్యారెట్ కలిపి ఉడికించి, మిక్సీ పట్టి, పాత తెల్ల పంచె గుడ్డలో పోసి పిండేది. అయినా పప్పు పొట్టు ఎక్కడో ఒకచోట గొట్టంలో అడ్డం పడేది. గట్టిగా తోస్తే సిరంజి చేతిలోంచి జారి, పోసిందంతా దుప్పటి మీద పడేది. అందుకని ఇంకొంచెం పలచన చేసేది, ఇంకోసారి వడకట్టేది. గుడ్డలో మిగిలిన చిక్కటి పిప్పి దూడ కుడితిలోకి పోయేది. పప్పు బలం దూడకు, పసుపుపచ్చ నీళ్లు మనిషికి. చూసేవాళ్లకు మాత్రం ‘రెండు గంటలకోసారి గ్లాసుడు పోస్తూనే ఉంది పాపం’ అనిపించేది. నిజమే, పోస్తూనే ఉంది. అయినా బాబాయి లుంగీ ముడి నడుం మీద నిలిచేది కాదు.

రేడియేషన్ కోసం వేరే ఆస్పత్రికి మారాక అక్కడ ఒక డైటీషియన్ ఉన్నారు. ఆవిడ చేసింది ఇంతే: బాబాయిని తూచారు, రోజంతా గొట్టంలో ఏం పోస్తున్నారో రాయించుకున్నారు, లెక్క కట్టారు. కావలసినదాంట్లో సగం కూడా వెళ్లడం లేదని తేలింది. పొట్టు తీసిన పెసరపప్పు వాడమన్నారు. నీళ్లకు బదులు పాలతో పలచన చేయమన్నారు. ఆ పాలలో పాలపొడి, బాగా ఉడికిన గుడ్డు, చెంచా నూనె వేసి మిక్సీ పట్టి, గుడ్డలో కాకుండా టీ వడపోతతో వడకట్టమన్నారు. పోసే ముందూ తర్వాతా గోరువెచ్చని నీళ్లతో గొట్టం కడగాలి, పోశాక అరగంట తల ఎత్తి కూర్చోబెట్టాలి. దీనికి గొప్ప యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక మనిషి, ఒక కాగితం, పావుగంట సమయం. మొదటి ఆస్పత్రిలో లేనిది ఆ పావుగంటే.

లెక్క పెద్ద రహస్యం కూడా కాదు. యూరప్‌లో రోగుల పోషణ మీద పనిచేసే వైద్యుల సంఘం ఎస్పెన్ క్యాన్సర్ రోగులకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం శరీర బరువులో ప్రతి కిలోకూ రోజుకు 25 నుంచి 30 కిలోక్యాలరీలు కావాలి. ప్రొటీన్ కిలోకు ఒక గ్రాముకు తగ్గకూడదు, వీలైతే ఒకటిన్నర గ్రాముల దాకా వెళ్లాలి. అరవై కిలోల మనిషికి 1,500 నుంచి 1,800 కిలోక్యాలరీలు, 60 నుంచి 90 గ్రాముల ప్రొటీన్ అన్నమాట. గుడ్డులో ఆరు గ్రాములుంటుంది. గ్లాసు గేదె పాలలో ఏడెనిమిది. చిన్న గిన్నెడు ముద్దపప్పులో ఆరు. వంద గ్రాముల శీలావతి చేప ముక్కలో పద్దెనిమిదికి అటూఇటూ. గ్లాసుడు గంజిలో గ్రాము ఉంటే గొప్ప, కొబ్బరి నీళ్లలో రెండు గ్రాములకు మించదు. బొండాం దాహానికి మంచిదే, నేను కాదనను. దాన్ని భోజనం కింద జమ కట్టడంతోనే నా పేచీ.

శాకాహారుల ఇళ్లలో ఇది కుదరదని అంటుంటారు. మినప సున్నుండలో పప్పు, నెయ్యి, బెల్లం ఉన్నాయి. చిన్న ఉండలో ఇంత బలం దాచిన వంట మన దగ్గరే పుట్టి, జబ్బు మనిషికి మాత్రం ‘మినుము వాతం’ అని నిషేధమైంది. పెరుగు, పనీరు, వేరుశనగ, మీల్‌మేకర్ ఉన్నాయి. నోరు పుండ్లు పడ్డవాళ్లకు చల్లటి పెరుగన్నం మెత్తగా మెదిపి పెట్టొచ్చు. కీమో తర్వాత నోటికి ఇనుము రుచి తగులుతోందంటే స్టీలు చెంచా పక్కన పడేసి ప్లాస్టిక్ చెంచా ఇవ్వడం, వేడివేడిగా కాకుండా చల్లార్చి పెట్టడం, మూడు పూటల భోజనాన్ని ఆరు చిన్న పూటలుగా చేయడం పనికొస్తాయి.

అరవై కిలోల మనిషి ఆరు నెలల్లో ప్రయత్నం లేకుండా మూడు కిలోలకు మించి తగ్గితే, అంటే బరువులో అయిదు శాతం పోతే, దాన్ని కాకెక్సియా, అంటే జబ్బు వల్ల కండ కరిగి చిక్కిపోవడం, కింద లెక్కవేయాలని 2011లో అంతర్జాతీయ నిపుణులు ఒక మాటకు వచ్చారు. క్యాన్సర్ రేపే వాపు సంకేతాలు కండను లోపల్నుంచి కరిగిస్తాయి, ఆకలినీ చంపుతాయి. అందుకే మామూలు మనిషి ఉపవాసానికీ ఈ చిక్కిపోవడానికీ పోలిక లేదు. తిండి ఒక్కటే పెట్టి దీన్ని పూర్తిగా వెనక్కి తిప్పలేమని కూడా ఆ నిర్వచనంలోనే ఉంది. పూర్తిగా ఆపలేమన్నది నిజం కాబట్టే, ఆపగలిగినంత తొందరగా ఆపాలి. బరువు పడిపోయిన మనిషికి కీమో మోతాదు తగ్గిస్తారు, లేదా వాయిదా వేస్తారు. తల, మెడ రేడియేషన్‌కు ముఖానికి అచ్చుపోసిన వలలాంటి మాస్కు చేస్తారు. రోగి చిక్కిపోతే ఆ మాస్కు వదులైపోతుంది, మళ్లీ స్కాన్ తీసి మళ్లీ ప్లాన్ వేయాల్సి వస్తుంది. గంజి ఖర్చు అంత చిన్నదేమీ కాదు.

ఇక పంచదార సంగతి. ‘చక్కెర తింటే గడ్డ పెరుగుతుంది’ అని వాట్సాప్‌లో చదివి పళ్లు కూడా మానిపించిన ఇల్లు మా వీధిలోనే ఉంది. క్యాన్సర్ కణాలు గ్లూకోజును ఎక్కువగా వాడుకుంటాయని 1920లలో జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ చూపించిన మాట నిజం. మనం తీపి మానేస్తే గడ్డ ఎండిపోతుందన్నది మాత్రం దానికి జనం అతికించిన తోక. కాలేయం కావలసిన గ్లూకోజును తయారు చేస్తూనే ఉంటుంది, చివరికి కండను కరిగించి అయినా సరే. చక్కెర జబ్బు ఉన్నవాళ్ల దారి వేరు. కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్లు చక్కెరను పైకి తంతాయి కాబట్టి వాళ్లు డాక్టరుతో మాట్లాడి చూసుకోవాలి. రొమ్ము క్యాన్సర్‌కు మందులు వాడుతూ బరువు పెరిగిపోయే ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లకు జాలితో తాపేశ్వరం కాజాలు, ఆత్రేయపురం పూతరేకులు తినిపించడం కూడా మేలు కాదు. అందరికీ ఒకే పత్యం పనికిరానట్టే అందరికీ ఒకే పుష్టి కూడా పనికిరాదు. తూచి, లెక్క కట్టి, మనిషిని చూసి చెప్పాల్సిన పని ఇది.

క్యాన్సర్‌కు మందని జనం నమ్మే లక్ష్మణ ఫలం గురించి చెప్పకుండా ఈ ప్రాంతం కథ పూర్తి కాదు. కడియం నర్సరీల్లో ఆ మొక్క కొనేవాళ్లను ఎవరి కోసమని అడగండి, ఒకరైనా ‘మా ఇంట్లో క్యాన్సర్ ఉందండి’ అంటారు. మొక్క నాటడంలో నష్టం లేదు. ఆకుల కషాయం మరిగించి పరగడుపున తాగించడంలో ఉంది. ఇది మనుషుల్లో క్యాన్సర్‌ను తగ్గిస్తుందని చూపిన నమ్మదగిన పరీక్షలు లేవు. పైగా ఈ చెట్టు కాయలు, ఆకుల కషాయాలు ఎక్కువగా వాడే కరీబియన్ ద్వీపం గ్వాడెలూప్‌లో పార్కిన్సన్స్‌ను పోలిన నరాల జబ్బుకూ వీటికీ సంబంధం ఉందని పరిశోధకులు అనుమానించారు. అవన్నీ పక్కన పెట్టినా, అసలే వాంతులతో ఉన్న మనిషి చేదు కషాయం తాగాక ఇడ్లీ ముట్టడు. ఆ పూట తిండి పోయినట్టే.

విటమిన్ పొడుల డబ్బాల దగ్గరికొచ్చేసరికి మాత్రం నాకు భీమవరం గుర్తొస్తుంది. 1895లో అక్కడ పుట్టి రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ వ్యాధికి పోగొట్టుకున్నారు. తిన్నది ఒంటపట్టని జబ్బది. తర్వాత అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందమే ఆ జబ్బుకు మందుగా పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు అలాంటి పదార్థాలే ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా ముదురుతున్నట్టు తోచింది. అప్పుడు సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అమినోప్టెరిన్ తయారు చేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ దాంతో పిల్లల్లో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని ప్రకటించారు. దాని తమ్ముడే ఇవాళ్టికీ వాడుతున్న మెథోట్రెక్సేట్. బలానికని కొన్న మాత్ర చికిత్సకు అడ్డం రావచ్చని మన జిల్లా మనిషి కథే చెబుతోంది. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు ఫోలిక్ సంబంధ మందు ఎప్పుడు, ఎంత ఇవ్వాలో డాక్టర్లే గంటలు చూసి నిర్ణయిస్తారు. మందుల షాపు కుర్రాడు చెప్పాడని మల్టీవిటమిన్ మింగడం ఆ లెక్కలో వేలు పెట్టడమే. బలం గుడ్డులో, పప్పులో వెతుక్కోండి. డబ్బా కొనేముందు దాని పేరు డాక్టరుకు చూపించండి.

తిండి వంట గదిలో ఆగిపోతే, కదలిక మంచం దగ్గర ఆగిపోతుంది. ‘రెస్ట్ తీసుకో’ అన్నది మన ఊళ్లలో ప్రేమగా చెప్పే మాట. 2007లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచితే కాళ్లలోని కండ దాదాపు కిలో తగ్గింది. ఏ జబ్బూ లేనివాళ్ల సంగతది. క్యాన్సర్ ఉన్న మనిషిని నెలల తరబడి మంచానికి అప్పగిస్తే పెట్టిన గుడ్డు కూడా కండగా మారదు. కండకు తిండి ఎంత అవసరమో పని కూడా అంతే అవసరం.

మా అత్తయ్యకు రొమ్ము ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు కూడా తీశారు. అలా తీసినవాళ్లలో కొందరికి ఆ చేయి వాస్తుంది. ‘ఇక ఈ చేత్తో ఏ బరువూ ఎత్తకండి’ అని ఎవరో చెప్పారు. ఆవిడ అది వేదవాక్కుగా తీసుకుని చేయి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. భుజం బిగుసుకుపోయి తల దువ్వుకోలేని స్థితి వచ్చింది. రొయ్యల షెడ్డులో పనిచేసే మనిషి, పని లేకపోతే గడవదు. 2009లో అమెరికా పరిశోధకురాలు క్యాథరిన్ ష్మిట్జ్ బృందం రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత ఇలా చేయి వాచిన స్త్రీలతో, శిక్షకుల పర్యవేక్షణలో మెల్లగా పెంచుతూ బరువులు ఎత్తించి చూసింది. వాపు ముదరలేదు సరికదా, ఇబ్బందులు తగ్గాయి. అంటే జాగ్రత్త తీసుకోవాల్సింది బరువు ఎత్తడంలో కంటే ఎలా మొదలుపెట్టాలనే దగ్గర. అత్తయ్య విషయంలో అసలు ప్రమాదం వేరే ఉంది: రొయ్య ముల్లు గుచ్చుకుంటే ఆ చేతికి చీము పట్టి వాపు రావచ్చు. చేతికి రబ్బరు గ్లౌజు, గాయమైతే వెంటనే సబ్బుతో కడగడం, ఎర్రబడి జ్వరం వస్తే అదే రోజు డాక్టరు. ఈ మూడు ముక్కలూ ఆపరేషన్‌కు ముందే ఒక ఫిజియోథెరపిస్టు చెప్పి ఉండాల్సినవి.

బాబాయిది ఇంకో రకం. రేడియేషన్ తర్వాత దవడ కండరాలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోవడం తగ్గుతూ వచ్చింది. మామూలుగా మూడు వేళ్లు నిలువుగా పట్టే నోట్లో ఒక వేలు పట్టడమే కష్టమైంది. గొట్టం తీశాక కూడా అన్నం ముద్ద పెట్టలేని పరిస్థితి. ఫిజియో ఇచ్చిన చిట్కా ఐస్‌క్రీమ్ పుల్లలు. ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పట్టించి, కాసేపు అలా ఉంచి, తీయడం. అలవాటయ్యాక మధ్యలో ఇంకో పుల్ల దూర్చడం. బాబాయి కళ్లలోంచి నీళ్లు కారేవి, పిన్ని మీద కేకలేసేవాడు. ఆ పుల్లల కట్టను రబ్బరు బ్యాండు వేసి టీవీ మీద పెట్టుకున్నాడు, సీరియల్ చూస్తూ చేసుకునేవాడు. రెండు వేళ్లు పట్టేదాకా వచ్చాక పిన్ని ముళ్లు తీసిన కొర్రమీను అన్నంలో మెదిపి పెట్టింది. ఈ వ్యాయామం రేడియేషన్ నడుస్తుండగానే మొదలైతే నోరు అంతగా మూసుకుపోయేది కాదని ఫిజియో అన్నాడు. మొదట్లో ఎవరూ చెప్పలేదు.

వ్యాయామం ఉల్లాసం కోసం మాత్రమే అనుకునేవాళ్లకు 2025లో ప్రచురితమైన చాలెంజ్ అధ్యయనం చూపిస్తాను. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో ముగిసిన 889 మందిలో సగం మందికి మూడేళ్లు శిక్షకుల సాయంతో వ్యాయామం చేయించారు, మిగతావాళ్లకు ఆరోగ్య సూచనల పుస్తకాలు ఇచ్చారు. అయిదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు మొదటి జట్టులో 80 శాతం, రెండో జట్టులో 74 శాతం. ఒక మందు ఇంత తేడా చూపిస్తే కంపెనీ పేపర్లో ప్రకటనలు వేసేది. ఇక్కడ మందు నడక. కాలువ గట్టు మీద పొద్దున పూట నడవడానికి టికెట్టు లేదు. ఇది ఆ ఒక్క క్యాన్సర్‌లో, చికిత్స ముగిసినవాళ్లలో వచ్చిన ఫలితమని మర్చిపోకూడదు. ఎముకల్లోకి జబ్బు పాకినవాళ్లు, ప్లేట్‌లెట్లు పడిపోయినవాళ్లు అడగకుండా ఏదీ మొదలుపెట్టకూడదు.

శుభ్రత గురించి క్లుప్తంగా. కీమోలో తెల్లకణాలు పడిపోయినప్పుడు పచ్చి కూరలు, పళ్లు పూర్తిగా మానిపించే కఠిన పత్యం వల్ల అదనపు రక్షణేమీ ఉండదని పరీక్షల్లో తేలింది. పచ్చివైతే బాగా కడిగి, వండినవైతే తాజాగా తినడమే రక్షణ. మనకైతే నీళ్ల సంగతి ముఖ్యం. వేసవిలో కాలువలు కట్టేశాక చెరువు నీరే దిక్కయ్యే ఊళ్లలో కాచి చల్లార్చిన నీళ్లు తప్ప రోగికి ఇంకేవీ ఇవ్వకండి. సగం ఉడికిన గుడ్డు, బండి మీద చెరకు రసం ఆ రోజుల్లో వద్దు.

ఒక దశ తర్వాత ఈ లెక్కలన్నీ పక్కన పెట్టాలి. జబ్బు చివరికొచ్చి, శరీరం తిండిని తీసుకోవడం మానేసినప్పుడు బలవంతంగా నోట్లో కుక్కడం, గొట్టం వేయమని డాక్టరును పట్టుబట్టడం రోగికి బాధే తప్ప ఆయుష్షు కాదు. ‘తినిపించలేకపోయాం’ అని ఇంటివాళ్లు కుమిలిపోవడం చూశాను. ఆ దశ వచ్చిందని చెప్పడం కూడా వైద్యుల పనే, దాన్ని కూడా మన ఊహకే వదిలేస్తున్నారు.

డబ్బు లేదని ప్రభుత్వం అనడానికి వీల్లేదు, ఎందుకంటే తిండి కూడా చికిత్సలో భాగమన్న సూత్రాన్ని అది ఎప్పుడో ఒప్పుకుంది. క్షయ రోగుల పోషణకు నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తున్నారు, 2024 నవంబరు నుంచి అది 1,000 అయింది. జార్ఖండ్‌లో క్షయ రోగుల కుటుంబాలకు తిండి దినుసులు ఇచ్చి చూస్తే ఆ ఇళ్లలో కొత్తగా జబ్బు రావడం దాదాపు 40 శాతం తగ్గిందని 2023లో తేలింది. తిండి మందేనని తేల్చింది మన దేశమే. మన రాష్ట్రంలోనే 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా మొదలైంది: చికిత్స తర్వాత కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా. ఇంటికెళ్లాక కూడా మనిషి బతకాలన్న ఆలోచన అందులో ఉంది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ భోజనం పెట్టి, గడప దాటగానే ‘మెత్తని ఆహారం’ అని చీటీ ఇచ్చే పద్ధతి ఆ ఆలోచనకే విరుద్ధం. క్యాన్సర్ చికిత్సకు ప్రభుత్వం ఆస్పత్రికి కట్టే ప్యాకేజీలోనే డైటీషియన్ రుసుము, ఫిజియో రుసుము విడిగా రాయాలి. రాసిన కాగితం రోగి ఫైలులో ఉంటేనే బిల్లు చెల్లించాలి. అలా చేస్తే డైటీషియన్లు దొరకడం లేదన్న ఆస్పత్రులకు కూడా దొరుకుతారు.

ఊళ్లో చేయాల్సిన పని ఇంకా చిన్నది. మా గ్రామ ఆరోగ్య కేంద్రంలో బరువు తూచే యంత్రం ఉంది. గర్భిణులను, పిల్లలను తూచి పుస్తకంలో రాస్తారు. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లను కూడా నెలకు రెండుసార్లు తూచి, మొదటి బరువులో అయిదు శాతం పోతే వైద్యం చేస్తున్న ఆస్పత్రికి ఫోను చేయమని ఏఎన్ఎంలకు ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. దానికి కొత్త పథకం అక్కర్లేదు, రిజిస్టరులో ఒక గడి గీయాలి.